తన్ను కడుపులో, నొప్పి భుజంలో

ఆ పొద్దు మంచు శానా పడింది. డెంకణికోట పక్కన మా ఊర్లో చలికాలమంటే అంతే, కొట్టంలో నిలబడితే ఆవు మొగం కూడా సగమే కనిపిస్తాది. సొసైటీకి పాలు పొయ్యాల, టైం అవుతాండాదని ఎర్రావు కింద కూర్చున్నాను. దాని చన్నుకు పుండు ఉండింది, నేను చూసుకోలేదు. ఒకే తన్ను. ఎడమ పక్క, ఎముకల కింద. చెంబు ఒక పక్క, నేనొక పక్క. మట్టిలో పాలు తెల్లగా పారతాంటే వాటినే చూస్తా పడి ఉండినాను. నొప్పి తర్వాత వచ్చింది.

మా అత్త పరిగెత్తుకొని వచ్చింది. ఆయమ్మకు మా చుట్టుపక్కల పెద్ద పేరు. మూట ఎత్తినా, కాలు జారినా, కడుపు నొచ్చిందంటే బొడ్డు జరిగిందనే మా ఊరి లెక్క. దాన్ని సరిచేసే చెయ్యి మా అత్తది. నన్ను వెల్లకిలా పండబెట్టి, ఆముదం పోసి కడుపంతా పిసికింది. బొడ్డు మీద చిన్న దీపం పెట్టి, పైన చెంబు బోర్లించింది. దీపం ఆరిపోయి, చెంబు కడుపును గట్టిగా పట్టుకునింది. లాగితే టప్పుమనింది.

"వచ్చేసింది బొడ్డు. ఇంక నిమ్మళంగా ఉండమ్మా" అనింది.

నిజం చెప్తాండాను, నిమ్మళంగానే ఉండింది. వెచ్చగా, నిద్ర వచ్చేటట్ల. గోరుచుట్టు మీద రోకటి పోటు పడిందని మా ఇద్దరికీ తెలీదు.

మర్నాడు పండుకుంటే ఎడమ భుజం నొప్పి. లేచి కూర్చుంటే తగ్గుతాది, పండుకుంటే మళ్ళీ వస్తాది. కడుపు కంటే అదే ఎక్కువ. పడినప్పుడు బెణికింటుందని అత్త దానికీ నూనె రాసింది. సాయంత్రానికి లోకమంతా దూరంగా జరిగిపోయింది. గోడ మెత్తగా కనిపించె. అత్త నోరు ముందు కదులుతాది, మాట తర్వాత వస్తాది. నీళ్ళకని లేచినాను, అంతే, పడిపోయినాను.

మా ఆయన హోసూరులో కంపెనీ షిఫ్టు ముగించుకొని అప్పుడే ఇల్లు చేరినాడంట. నన్ను డెంకణికోట ఆస్పత్రికి ఎత్తుకొని పోయినాడు. ఆడ బీపీ చూసి, కడుపు మీద చల్లగా జెల్ రాసి స్కాన్ చేసినారు.

"లోపల ఫ్లూయిడ్ ఉండాది. రక్తమే అయ్యుంటాది. కృష్ణగిరికి పోవాల, ఇప్పుడే" అనింది డాక్టరమ్మ.

అంబులెన్సు కిటికీలో మామిడి తోపుల కొనలు మాత్రం కనిపిస్తాండినాయి. చెట్లు పోతాండాయా, నేను నీళ్ళ మీద తేలతాండానా తెలీలేదు. భయమే లేదు నాకు. భయపడాల్సింది అప్పుడేనని తర్వాత తెలిసింది.

కృష్ణగిరిలో సీటీ తీసినారు. డాక్టరు అరవంలోనే చెప్పినాడు, నా చెవిలో అది తెలుగైపోయింది. "బ్లంట్ ఇంజురీ అబ్డామెన్ అమ్మా, పైకి కనబడని లోదెబ్బ. ఎడమ ఎముకల కింద ఉండే స్ప్లీన్ చీలింది. ఆ రక్తం పైన ఊపిరితిత్తుల కింద ఉండే పొరకు, డయాఫ్రమ్‌కు తగిలితే నొప్పి భుజంలో తెలుస్తాది. నీ భుజానికి ఏమీ కాలేదు." మళ్ళీ అడిగినాడు, "ఎవరైనా కడుపు పిసికినారా?"

వెంట వచ్చిన అత్త తల వంచుకునింది. నేనే "ఊఁ" అనినాను. ఆయన కోప్పడలేదు. "చీల్చింది ఆవు తన్నే. పిసికినందుకు ఎక్కువైందో లేదో నేను చెప్పలేను. ఇంకెప్పుడూ చెయ్యొద్దండి" అనినాడు.

బీపీ నిలబడింది కాబట్టి ఆపరేషన్ లేకుండా చూస్తామనినారు. రక్తం ఎక్కించినారు. లేవద్దు, బరువు ముట్టద్దు. ఐసీయూలో మిషన్ కూత నాకు సొసైటీలో పాలకు వెన్న శాతం చూసే మిషన్ కూత లాగే వినిపించేది. "నా పాలకు ఫ్యాట్ ఎంత వచ్చిందమ్మా?" అని నర్సును అడిగినానంట. ఆ పిల్ల గడుసుది. "ఫ్యాట్ బాగుందక్కా, హిమోగ్లోబినే తక్కువ" అనిందంట.

హిమోగ్లోబిన్ తగ్గింది, నిజంగానే. బీపీ మళ్ళీ పడిపోయింది. "రీబ్లీడ్, మళ్ళీ రక్తం కారతాంది. స్ప్లీన్ తీసేయాల, ఇంక ఆగలేం" అనినాడు డాక్టరు. అప్పుడొచ్చింది నాకు భయం. అయ్యో, పోతానేమో అనుకున్నాను. నాకు బతకాలని ఉండింది. ఎర్రావును తిట్టాలని ఉండింది. ఐసీయూ వాకిట్లో ఒక్కతే కూర్చోనుండే అత్తతో ఒక మాట చెప్పాలని ఉండింది. ఏమీ చెప్పకముందే థియేటర్ లైట్లు మంచు మాదిరి తెల్లగా కమ్మేసినాయి.

బతికి బట్టకట్టినాను. దగ్గితే కుట్లు పీకేవి, దిండు కడుపుకు అదుముకొని దగ్గేదాన్ని. స్ప్లీన్ లేనివాళ్ళకు ఇన్ఫెక్షన్ తొందరగా ముదురుతాదంట. అందుకే వ్యాక్సిన్లు వేసి, "జ్వరం వస్తే ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రా" అని చెప్పి పంపించినారు.

ఇంటికొచ్చినాక చూస్తే మా అత్త ఆ చెంబును అటక మీదికి ఎక్కించేసింది. ఎవరొచ్చినా "నా చెయ్యి మంచిది కాదు, పోండి" అంటాంది. నాకు తల కూడా దువ్వదు. నాకు ఒళ్ళు మండింది. ఒక పొద్దు ఆయమ్మ చెయ్యి పట్టుకొని నా కుట్ల మీద పెట్టినాను. "తెలీక చేసినావు. ఇప్పుడు తెలిసింది కదత్తా? తెలిసిన చేతిని దాచిపెడితే ఎట్ల?" అనినాను. ఆయమ్మ ఏడ్చింది. ఊరికే చూస్తా ఉండలేక నేనూ ఏడ్చినాను.

పోయిన వానాకాలం పక్కింటి మునిరాజప్ప కడుపు పట్టుకొని వచ్చినాడు. బండి జారి హ్యాండిల్ పొడుచుకునిందంట. "బొడ్డు జరిగినట్లుంది పెద్దమ్మా, రొంత చూడు" అనినాడు. అత్త చెయ్యి చాపలేదు.

"కండ్లు తిరుగుతాండాయా?"

"రొంత."

"భుజం నొస్తాందా?"

"కుడి భుజం నొస్తాంది. నీకెట్ల తెలిసె?"

"నా కోడలి భుజం చెప్పింది. పో, ఆస్పత్రికి పో."

వాని లివర్‌లో చిన్న చీలిక ఉండిందంట. ఆపరేషన్ లేకుండానే మానింది. ఇప్పుడు వాడు కూడా మా సొసైటీకే పాలు పోస్తాండాడు.

నేనూ పాలు పిండుతాండాను, ఎర్రావు చన్ను ముందు తడిమి చూసినాకనే. చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కడుపుకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనబడకపోయినా, ఎవరి చేతా పిసికించుకోవద్దండి. స్కాన్ ఉండే ఆస్పత్రికి పోండి. బొడ్డు సంగతేమిటని అడిగేవాళ్ళకు మా అత్తే జవాబు చెప్తాది: "బొడ్డు యాడికీ పోదప్పా. పోయేది ప్రాణం."