కిటికీ సీటు, ప్రభువు బల్ల

ఆ ఆదివారం బాలానగర్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోబోతుంటే, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను మోచేత్తో నెట్టి ఆ సీట్లో కూర్చుంది. "కండ్లు కనవడ్తలేవా? నేనే ముందుగాల చూసిన!" అని పైగా గద్దించింది. పోట్లాట మూసాపేట దాకా సాగింది. అంతలో ఆవిడ ఒళ్లోని బైబిలు జారి కిందపడింది. దాన్ని తీసి కళ్లకద్దుకుని నాలుక్కరుచుకుంది.

"అయ్యో, ఇయ్యాల చర్చిల ప్రభువు బల్ల ఉన్నది బిడ్డా, యేసయ్య పేరు మీద రొట్టె, ద్రాక్షరసం ఇస్తరు. మనసుల కోపం పెట్టుకొని రొట్టె ముట్టొద్దు. పోయిన నెల గూడ గిట్లనే కండక్టర్‌తోని లొల్లి పెట్టుకొని, రొట్టె ముట్టకుంట వచ్చిన. ఈ బస్సే నాకు సైతాను పెట్టే శోధన. జర మాఫ్ చెయ్."

"సరేలెండి" అన్నాను ముఖం ముడుచుకునే. ఆవిడ లేచి కిటికీ సీటు నాకిచ్చేసింది.

హైటెక్ సిటీలో డ్రైవర్ స్టాపు దాటించి ఆపాడు. కేక పెట్టబోయిన ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని దిగింది. దిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నిజంగనే మాఫ్ చేసినవా, ఊకెనే అన్నవా?"

"నిజంగానే!" అన్నాను. బస్సు కదిలింది.

నిజంగానే చేశానా? ఆవిడ రొట్టె ముట్టేలోపు తేల్చాలి. హడావుడిగా నాతో నేనే పోట్లాడి, కొండాపూర్ వచ్చేసరికి మాఫ్ చేసేశాను.