ఒక్కదాన్నే తిన్న టిఫిన్లు

మా హాస్టల్లో పొద్దున పూట ఉప్మా పెట్టేవాళ్ళు. దాన్ని ఉప్మా అనడం ఉప్మాకే అవమానం. గరిటెతో వేస్తే పళ్ళెంలో చప్పుడయ్యేది. ఎప్పుడైనా పులిహోర, వార్డెన్‌కి మనసు బాగుంటే ఇడ్లీ, మిగతా రోజులన్నీ ఆ ముద్దే. ఆదివారం అదీ ఉండేది కాదు. వంటామె చర్చికి వెళ్ళొచ్చి మధ్యాహ్నానికి కోడికూర వండేది. అందుకే బయట తింటున్నానని ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి చెప్పేదాన్ని. అందులో సగమే నిజం. నేను భయపడింది ఉప్మాకి కాదు. ఆ పొడుగు బల్ల దగ్గర, గుంపులుగా కూర్చుని నవ్వుతూ తినే అమ్మాయిల మధ్య ఒక్కదాన్నే తలొంచుకుని తినడానికి భయపడ్డాను.

మాది మధిర. కౌన్సెలింగులన్నీ అయిపోయాక మిగిలిన సీట్లకి స్పాట్ అడ్మిషన్లు పెడతారు కదా, అందులో నాకు ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. నేను చేరేసరికి క్లాసులు మొదలై చాలా రోజులైంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో, ల్యాబులో ఎవరికి ఎవరు జోడీయో, ఎవరి బాక్సులో కూర ఎవరు లాక్కుని తింటారో అన్నీ తేలిపోయాయి. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే తిరిగి అనేదాన్ని, నాకు నోరు తక్కువేమీ కాదు. బెంచీ దగ్గరికి వెళ్తే మర్యాదగా జరిగి చోటిచ్చి, మళ్ళీ అటు తిరిగి వాళ్ళ మాటల్లో పడిపోయేవాళ్ళు. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండేది.

అలా మొదలైంది నా టిఫిన్ల తిరుగుడు. అన్నిటికంటే ముందు దొరికింది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో స్తంభాల కింద ఇడ్లీ బండి. వరంగల్ రూటు బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు, మెట్రో దిగి పరుగెత్తేవాళ్ళు, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్నవాళ్ళు అందరూ అక్కడే తినేవాళ్ళు. స్టీలు ప్లేటు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు ఇడ్లీలు వేసి, మీద కారప్పొడి చల్లి, నెయ్యి లాంటిదేదో పోసి ఇచ్చేవాడు బండతను. అది నెయ్యి కాదని అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పల్లీ చట్నీ మాత్రం గట్టిగా, ఘాటుగా ఉండేది. అక్కడ నాకు నచ్చింది ఏమిటంటే, అందరూ నిలబడే తింటారు, అందరూ ఒక్కొక్కళ్ళే తింటారు. ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో ఫోను. ఎవరికి ఎవరు లేరో అక్కడ ఎవరికీ తెలియదు.

రెండోది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక ఫ్యాక్టరీ గేటు ఎదురుగా. ఒకామె ట్రాలీ ఆటోలో గిన్నెలు తెచ్చుకుని పూరీలు వేసేది. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళూ, పొద్దున షిఫ్టు ఎక్కేవాళ్ళూ ఆమె చుట్టూ మూగేవాళ్ళు. పూరీలోకి ఆలుగడ్డ కూర, అందులో శనగపిండి కాస్త ఎక్కువే, అయినా వేడివేడిగా పోస్తే ఏ హోటలూ సాటి రాదు. కొంచెం ఆలస్యమైతే గిన్నె అడుగు గోకుతున్న చప్పుడే వినిపించేది. ఆ పూరీ కోసం నేను తెల్లారి లేచి నడిచి వెళ్ళేదాన్ని. చదువుకోసం ఏనాడూ అంత పొద్దున లేవలేదు.

మూడోది మైసూరు బోండాల కొట్టు, మల్లాపూర్ వైపు. బోండా లోపల పచ్చిగా ఉండేది. ఇష్టం లేకపోయినా వెళ్ళేదాన్ని, ఎందుకో చెప్తాను. పూరీల ఆమె దగ్గరికి వరసగా వెళ్తున్న రోజుల్లో, ఒకనాడు నా ప్లేటులో ఇంకొంచెం కూర వేస్తూ ఆమె అడిగింది.

"ఒక్కదానివే వస్తవేంది బిడ్డా? దోస్తులు లేరా?"

ప్రేమగానే అడిగింది. "ఉన్నారు, వాళ్ళు లేటుగా లేస్తారు" అన్నాను. తినడం సగంలో ఆపేసి వచ్చేశాను. ఆ రోజు నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను, ఒకే చోటికి రెండు రోజులు వరసగా వెళ్ళకూడదని. ఎవరికీ నా మొహం గుర్తుండకూడదు. గుర్తుంటే అడుగుతారు. అడిగితే ఈసారి ఏడ్చేస్తానేమోనని భయం.

నియమం పెట్టుకున్నాక చోట్లు కావాలి కదా. హబ్సిగూడ సందులు, రామంతాపూర్ రోడ్డు, నాచారం కాలనీలు, ఏదీ వదల్లేదు. ఎక్కడ వడలో నూనె పిండొచ్చో, ఎక్కడ సాంబారు అడిగినన్నిసార్లు పోస్తారో, ఎక్కడ దోశ పిండి పులిసి ఉంటుందో నాకు నోటికి వచ్చేసింది. అవన్నీ చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మంచి చట్నీ తిన్నప్పుడు పక్కవాళ్ళ వైపు తిరిగి "ఇది చూడు" అనాలనిపిస్తుంది, అది మామూలు మనిషి లక్షణం. నేను అటూ ఇటూ చూసి, చెయ్యి కడుక్కుని కాలేజీకి పోయేదాన్ని.

అన్నిట్లోకీ గొప్పది ఆఖరున దొరికింది. నాచారంలో ఒక చర్చి పక్క సందులో, ఇంటి వరండానే హోటలు చేసుకున్న భార్యాభర్తలు. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆయన పెనం దగ్గర, ఆవిడ చట్నీలూ డబ్బులూ చూసుకుంటూ కౌంటరు దగ్గర. ప్లాస్టిక్ కుర్చీలుండేవి, మధ్యాహ్నం దాకా తెరిచే ఉండేది. ఆదివారం ఆలస్యంగా వెళ్ళి ఒక ఉల్లి దోశ తింటే పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ రెండూ అయిపోయేవి. ప్రార్థన ముగిశాక తెల్ల చీరల ఆడవాళ్ళు, బైబిళ్ళు చంకన పెట్టుకున్న మగవాళ్ళు, పిల్లలూ అంతా ఒక్కసారిగా సందులోకి వచ్చేవాళ్ళు. పిల్లలకి దోశ ముక్కలు తుంచి పెడుతూ, వచ్చే వారం ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉందో మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ మధ్య కూర్చుని తింటుంటే నేనూ ఎవరి తాలూకో అనుకుంటారని ఒక ఆశ. నా పక్కనున్న ఖాళీ కుర్చీని "ఎవరైనా ఉన్నారా?" అని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. లేరని చెప్పి ఇచ్చేసేదాన్ని.

రెండో సంవత్సరంలో ఒక రోజు ల్యాబు సార్ రాలేదు. కాంటీన్‌కి ఏవో రిపేర్లని తాళం వేశారు. ముందు వరస గుంపు ఒకటుండేది మా క్లాసులో, ఐదారుగురు, క్లాసులో నవ్వులన్నీ వాళ్ళవే. అందులో ఒక పొడుగమ్మాయి సైనిక్‌పురి నుంచి స్కూటీ మీద వచ్చేది. ఆ రోజు ఆమె బల్ల మీద తల వాల్చి, "అరేయ్, ఆకలికి సచ్చిపోతున్న. ఏడనన్న తిందాం నడువురి" అంది. ఎక్కడ తినాలో వాళ్ళకి తెలియలేదు. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"దగ్గర్లో ఒక చోటుంది. దోశలు బాగుంటాయి."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. "ఏడ?" అంది పొడుగమ్మాయి.

"నాచారంలో, చర్చి సందులో. నేను చూపిస్తాను."

"గట్లయితే లే మరి, కూసున్నవేంది?"

ఆమె స్కూటీ వెనక నేను కూర్చున్నాను. మిగతావాళ్ళు రెండు బండ్ల మీద వచ్చారు. దారి చెప్పడానికి ముందుకి వంగి ఆమె చెవిలో అరుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. హోటల్లో కుర్చీలన్నీ ఒక చోటికి లాగాం. ఉల్లి దోశ మామూలుగా అడిగితే మెత్తగా ఇస్తారనీ, బాగా కాల్చమని చెప్పాలనీ చెప్పాను. అల్లం చట్నీ అడిగితేగానీ వెయ్యరని చెప్పాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని పొడుగమ్మాయి కళ్ళు మూసుకుంది.

"మస్తుందే! నీకెట్ల తెల్సు గీ జాగ?"

"ఊరికే, తిరుగుతుంటాను" అన్నాను. ఎందుకు తిరుగుతానో చెప్పలేదు.

అందరూ కలిసి ఫొటో దిగుదామన్నారు. నేనే తీశాను. ఆ రోజు నేను ఎంత మాట్లాడానో! ఉప్పల్ ఇడ్లీ, మల్లాపూర్ పచ్చి బోండా, మా హాస్టల్ ఉప్మా చప్పుడు, అన్నీ చెప్పి వాళ్ళని నవ్వించాను. తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ స్కూటీ మీదే వచ్చాను. ఇక నేనూ వీళ్ళలో ఒకదాన్నే అనుకున్నాను. లోకంలో నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది.

తర్వాత "ఇంకేడున్నయి చెప్పు" అని వాళ్ళే అడిగేవాళ్ళు. నేను తెలివిగా, బట్టల కొట్టువాడు చీరలు చూపించినట్టు ఒక్కొక్కటే బయటికి తీశాను. అన్నీ ఒకేసారి చెప్పేస్తే ఇంక నాతో పనేముంటుందని భయం. ఇడ్లీ బండికి తీసుకెళ్ళాను. సాంబారు వడకి తీసుకెళ్ళాను. ఆఖరికి పూరీల ఆమె దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. అంతమందితో నన్ను చూసి ఆమె మొహం వెలిగిపోయింది. "గిన్ని రోజులు ఏడ దాసిపెట్టినవమ్మా ఈళ్ళందర్ని?" అని వేళాకోళమాడింది. నాకు గర్వంతో ఛాతీ ఉప్పొంగింది, ఇంకో ప్లేటు తిన్నాను.

పూరీలతో నా దగ్గర ఉన్నవన్నీ అయిపోయాయి. ఆ వారం ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, సెలవులొచ్చాయి, నేను మధిర వెళ్ళి వచ్చాను. కాలేజీ తెరిచాక వాళ్ళు పలకరించారు, లేదనను. "ఏంది, మంచిగున్నవా?" అని, నా జవాబు వినేలోపే ఇంకెవరి వైపో తిరిగేవాళ్ళు. ఒక సెలవు రోజు పొద్దున వాట్సాప్‌లో పొడుగమ్మాయి స్టేటస్ చూశాను. అందరూ కలిసి బండ్ల మీద కీసరగుట్టకి వెళ్తున్నారు. మొదటి ఫొటో మాత్రం గుట్టది కాదు, ఫ్యాక్టరీ గేటు ఎదుట పూరీ ప్లేట్లది. అప్పటికప్పుడు అనుకుని బయల్దేరి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకు బండి లేదు కదా, పిలిచినా ఎవరి వెనక ఎక్కించుకుంటారు అనుకున్నాను. ఆ ఫొటోని మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాను.

అప్పటినుంచి నాకు టిఫిన్ సయించేది కాదు. ఇదివరకు ఒక్కదాన్నే తిన్నా తిండి రుచిగానే ఉండేది. ఇప్పుడు ఏ చోటికి వెళ్ళినా వాళ్ళు కూర్చున్న కుర్చీ, వాళ్ళు నిలబడ్డ జాగా కనిపించేవి. ఒంటరితనం దాచుకోవడానికి ఇన్నాళ్ళూ వెతుక్కున్న చోట్లు, ఇప్పుడు అవే దాన్ని ఎత్తి చూపించేవి. నా మీద నాకే కోపం వచ్చేది. ఒక్కటైనా, కనీసం ఒక్క బండైనా దాచుకుని ఉండాల్సింది.

ఒక ఆదివారం ఆగలేక ఉల్లి దోశకి వెళ్ళాను. చర్చి ఇంకా వదల్లేదు, లోపల పాటలు వినిపిస్తున్నాయి. వరండా నిండా మా క్లాసు గుంపే. కుర్చీలన్నీ ఒక చోటికి లాక్కుని కూర్చున్నారు. కొత్తవాళ్ళు కూడా ఉన్నారు, వేరే బ్రాంచి వాళ్ళనుకుంటాను. వెనక్కి తిరిగి పోదామనుకునేలోపే పొడుగమ్మాయి నన్ను చూసింది. ఆమె మొహంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది.

"ఏయ్! నువ్వు గూడ ఈడికొస్తవా?"

ఎగతాళేమో అని ఆమె మొహంలోకి చూశాను. కాదు. ఆ పిల్ల నిజంగానే మరిచిపోయింది. "అప్పుడప్పుడు" అన్నాను.

"మేం మస్తుసార్లొస్తం. ఆనియన్ దోశ తిను, మంచిగ కాల్చమని చెప్పు. ఊకె అడిగితే మెత్తగ ఇస్తడు" అంది.

సరేనన్నాను. మెట్టు పక్కన నిలబడి దోశ తిన్నాను. వాళ్ళు లేచి చేతులు కడుక్కుంటుంటే నేనూ కడుక్కుని కౌంటరు దగ్గరికి వచ్చాను. అందరం ఒకేసారి చేరేసరికి, గల్లా పెట్టె దగ్గరున్న ఆవిడ మా అందరి వైపూ ఒకసారి చూసి మామూలుగా అడిగింది.

"ఏమ్మా, మీదంతా ఒకటేనా?"

"కాదాంటీ, ఆమె వేరే" అంది పొడుగమ్మాయి, నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ.

అబద్ధమేమీ చెప్పలేదు. నా దోశ డబ్బులు నేనిచ్చేసి, వాళ్ళ బండ్లు సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. "మాతోనే" అని ఆ పిల్ల ఒక్క మాట అని ఉంటే, నాచారంలో నాకు తెలిసిన ప్రతి పెనం, ప్రతి బండీ వాళ్ళకి మళ్ళీ మొదటినుంచీ చూపించి ఉండేదాన్ని.