బలానికి వేసిన సూది

గుండు పడిన చోట మట్టి లేచింది. టేపు పట్టుకున్న ఇద్దరూ అక్కడికి చేరకముందే, ఇంతవరకూ తను విసిరిన వాటన్నిటికంటే ఇది దూరం పోయిందని ఆ అమ్మాయికి తెలిసిపోయింది. ఎగరలేదు, అరవలేదు. వలయంలోంచి వెనక వైపుగా నడిచి బయటికి వచ్చి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది. అప్పుడే మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. అమ్మాయి మొహంలో నవ్వు ఇంకా పోలేదు గానీ, కళ్లు మాత్రం స్టేడియం మెట్ల మీద కూర్చున్న తల్లి కోసం వెతికాయి.

నేను పత్రికల వాళ్లకు వేసిన కుర్చీలోంచి లేచి తల్లి దగ్గరకు వెళ్లాను. బెజవాడ ఎండకు ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని ఉంది. కూతురు ఎవరి వెంటో ఒక గదిలోకి వెళ్లడం చూసి, ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగింది. కంగారు పడాల్సిందేమీ లేదని, గెలిచినవాళ్లను పిలిచి మూత్రం తీసుకుని పరీక్షకు పంపుతారని, వాడకూడని మందులేమైనా వాడారేమో చూడడానికేనని చెప్పాను. ఆవిడ తల ఊపింది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది.

“సూది ఏయించుకున్నా తెలిసిపోద్దా బాబుగారూ?”

“ఏం సూది?”

“బలానికి.”

తొంభైల చివరి సంవత్సరాలు అవి. నేను విజయవాడలో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిని. మునిసిపల్ సమావేశాలు, రోడ్డు ప్రమాదాలు, కృష్ణకు వరదలు, ఆటల పోటీలు అన్నీ ఒకరే రాసే రోజులు. ఆడపిల్లలు హ్యామర్ విసరడం అప్పటికి కొత్త. నేను వార్త పంపితే డెస్కు వాళ్లు ఫోన్ చేసి, ఇది సుత్తా, గుండా, ఏమని రాయమంటావని అడిగేవారు. సుత్తి కాదని, తీగ చివర నాలుగు కిలోల ఇనుపగుండు ఉంటుందని, రెండో చివర పిడి పట్టుకుని గిర్రున తిరిగి వదిలేస్తారని విడమరిచి చెప్పేవాణ్ని.

అమ్మాయిది బందరు అవతల, సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఊరు. తండ్రి పడవ మీద వేటకు వెళ్తాడు. తల్లి చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. స్కూలు పోటీల్లో షాట్‌పుట్ గెలిచిన పిల్లను విజయవాడలో క్రీడల హాస్టల్లో చేర్చుకున్నారు. అక్కడి కోచ్‌ను అందరూ మాస్టారనే పిలిచేవారు. షాట్‌పుట్‌కు దేశంలో బోలెడుమంది ఉన్నారు, హ్యామర్‌కు ఎవరూ లేరు, ఇటు రమ్మని ఆమెను మార్చింది ఆయనే. మొదటి గుండు ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో చేయించారు. గోడలు పడగొట్టడానికా అని షాపతను అడిగాడట.

చిన్నప్పుడు సముద్రం ఒడ్డున వల విసిరిన చేతులే ఇప్పుడు హ్యామర్ విసురుతున్నాయని అన్ని పత్రికలూ రాసేవి. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తల్లికి ఎవరో చదివి వినిపిస్తే చాలాసేపు నవ్విందట. నాతోనూ అంది: “మా ఆడోళ్లు వల ఇసురుతారా బాబుగారూ? అది వల ముట్టుకుంటే వాళ్ల నాన్న వీపు చీరేత్తాడు. గంపలు మోసింది. అదీ దాని బలం.”

హాస్టల్ వెనక మైదానమంతా నల్లమట్టి. వానలు పడితే గుండు దిగబడిపోయేది, గునపంతో తవ్వి తీసేవారు. వలయం చుట్టూ రక్షణకు కట్టిన వల చిరిగిపోతే, తండ్రి పడవ మీద వాడిన పాత వల తెచ్చి తనే కట్టి వెళ్లాడు. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్లు దారి మార్చుకున్నారు. నేను ఆ వల వెనకే నిలబడినా, గుండు ఆమె చేతిని వదిలేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ని. ఆమెకు మాత్రం భయమన్నది తెలియదు. తిరిగేటప్పుడు తనకు మైదానం కనపడదని, మనుషులు కనపడరని, గుండు ఒక్కటే కనపడుతుందని చెప్పేది.

ఆ విజయవాడ పోటీలకు ముందటి ఎండాకాలం ఆమెకు కామెర్లు వచ్చాయి. హాస్టల్ వాళ్లు ఇంటికి పంపారు. పసరు మందు, పథ్యంతో జబ్బు తగ్గింది గానీ మనిషి చిక్కి సగమైంది. బిందె ఎత్తితే చేతులు వణికేవి. ఆ ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు ఉన్నాడు. స్కూటర్ మీద సంచీ వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. ఆ తీరంలో అదో అలవాటు. వేట ఆగిన రోజులు ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి పోయేముందు మగవాళ్లు ఆయన దగ్గర బలానికి సూది వేయించుకుంటారు. జ్వరం పడి లేచిన ముసలివాళ్లు, ఒంట్లో సత్తువ లేదనుకున్న ఆడవాళ్లు కూడా వేయించుకుంటారు. ఏం సూది అని ఎవరూ అడగరు. నొప్పి ఎంత ఎక్కువ పుడితే మందు అంత మంచిదని వాళ్ల నమ్మకం. తల్లి కూతుర్నీ ఆయన దగ్గరకే తీసుకువెళ్లింది. వారానికొకటి చొప్పున కొన్నాళ్లు వేశాడు. పిల్ల తేరుకుంది. ఆకలి పెరిగింది, భుజాలు నిండాయి. హాస్టల్‌కు తిరిగి వచ్చాక గుండు ఇదివరకటికంటే దూరం పడడం మొదలైంది.

ఆ రోజు పరీక్ష గదిలోంచి అమ్మాయి బయటికి రావడానికి చాలా సేపు పట్టింది. ఎదురుగా ఒక మనిషి నిలబడి చూస్తుంటే ఎలా వస్తుంది, సీసాల కొద్దీ నీళ్లు తాగించారని సిగ్గుపడుతూ చెప్పింది. సూది సంగతి అప్పటికి ఆమెకు గుర్తే లేదు. మెట్ల మీద తల్లీ, మాస్టారూ, నేనూ ఉన్నాం. తల్లి మళ్లీ సూది మాట ఎత్తింది. మాస్టారు కిందికి చూస్తూ, ఏ రంగులో ఉందని అడిగారు.

“బీ కాంప్లెక్సే సార్,” అంది అమ్మాయి. “డాక్టర్ బాబాయ్ అదే చెప్పాడు. నేను చూళ్లేదు, మొహం అటు తిప్పుకున్నా.”

“నేను చూశాగా,” అంది తల్లి. “పసుపుగా, ఆవదంలాగా ఉంది. ఏసిన చోట గడ్డ కడితే ఏణ్ణీళ్ల కాపడం పెట్టింది నేనే.”

బీ కాంప్లెక్స్ ఎర్రగా ఉంటుందని అక్కడున్న అందరికీ తెలుసు. అమ్మాయి ఒకసారి తన భుజం కేసి చూసుకుంది, అది వేరే ఎవరిదో అన్నట్టు. ఈ సంగతి ఇంకెక్కడా అనవద్దని మాస్టారు తల్లికి చెప్పారు. తల్లి నావైపు తిరిగి, పేపర్లో వేయవద్దని దణ్ణం పెట్టింది. వేయడానికి నా దగ్గర ఉన్నది ఒక తల్లి అనుమానం మాత్రమే.

నాకు తెలిసిన డాక్టరు ఒకాయనను, ఎవరి గురించో చెప్పకుండా అడిగాను. నూనెలో కలిపి ఇచ్చే మందులు ఒకటికంటే ఎక్కువే ఉన్నాయని, విటమిన్ డి కూడా అలాగే ఉంటుందని ఆయన అన్నారు. అదైతే భయం లేదు. కానీ పల్లెల్లో బలానికని వేసేది చాలాసార్లు కండ పెంచే స్టెరాయిడ్. అదైతే ఒంట్లోంచి నెలల తరబడి పోదు. మందు పేరు తెలిస్తే గానీ ఏదీ చెప్పలేనన్నారు. స్టెరాయిడ్ అని తేలితే ఆమెను ఏళ్ల తరబడి ఆడనివ్వరు. అంతకంటే ముందు, మందు కొట్టి గెలిచిందన్న మాట ఆమె ఊరిదాకా పోతుంది.

మాస్టారూ నేనూ బస్సెక్కి బందరు మీదుగా ఆ ఊరు వెళ్లాం. తల్లి మాకంటే ముందు రోజే వెళ్లింది. డాక్టరుగారి ఇంటికి చెప్పాపెట్టకుండా మనుషుల్ని తీసుకువెళ్లడం మర్యాద కాదని, ఆవిడ ముందుగానే ఆయనకు కబురు చెప్పి ఉంచింది. పేపరాయనా పిల్ల మాస్టారూ వస్తున్నారని, ఏం సూది వేశారో అడుగుతారని.

మేం వెళ్లేసరికి ముందుగది ఊడ్చి కడిగి ఉంది. అలమరలో జ్వరం బిళ్లలు, దగ్గు మందు సీసాలు తప్ప ఏమీ లేవు. దొడ్లో బూడిద కుప్ప మీద నీళ్లు పోసి ఉన్నాయి. డాక్టరు నడివయసు మనిషి, తెల్ల చొక్కా. మాకు తనే టీ గ్లాసులు అందించాడు.

“నేనేమిచ్చానండీ? బీ కాంప్లెక్స్. ఊరందరికీ ఇచ్చేదే,” అన్నాడు.

మాస్టారు నూనె సంగతి అడిగారు. పెద్దావిడకు చూపు ఆనదని, ఏదో చూసి ఏదో అనుకుందని ఆయన జవాబు.

“నా చూపుకేమయ్యిందయ్యా?” అంది తల్లి. “ఏలెడంత పిత్తపరిగెకు కళ్లెక్కడున్నాయో చెబుతా.”

ఆయన నవ్వలేదు. కేసులేమీ ఉండవని, పిల్ల భవిష్యత్తు కోసమని, మందు పేరొక్కటి చెబితే పోటీలకు ఎన్నాళ్లు ఆగాలో తెలుస్తుందని మాస్టారు బతిమాలారు. ఆయన మాస్టారికి జవాబు చెప్పకుండా నా జేబులోని పెన్ను వైపు చూస్తూ, తన పేరు రాస్తారా అని అడిగాడు. రాయనన్నాను. “అందరూ అట్టాగే అంటారండీ,” అన్నాడు. ఆ తర్వాత ఎంత అడిగినా బీ కాంప్లెక్స్ అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు.

వీధిలోకి వచ్చాక తల్లి వెనక్కి తిరిగి ఆ దొడ్డి వైపు చూసింది. తను ముందు రోజు చెప్పిన కబురు ఏం చేసిందో ఆవిడకు అప్పుడు అర్థమైంది.

ఇక ఎదురుచూడడమే. పరీక్షలో ఏదైనా దొరికితే కబురు వస్తుంది. దొరక్కపోతే ఎవరూ ఏమీ చెప్పరు. అప్పట్లో పద్ధతి అది. హాస్టల్లో ఫోన్ వార్డెన్ గదిలో ఉండేది. అది మోగినప్పుడల్లా అమ్మాయి చేస్తున్న పని ఆపి నిలబడిపోయేదని మాస్టారు చెప్పారు. ఒకరోజు వలయంలో తిరుగుతుండగా మోగింది. గుండు ముందే చేతిలోంచి జారి, తండ్రి కట్టిన వలలో పడింది. అంతకుముందు ఆమెను చూసి జనం భయపడేవారు. ఇప్పుడు గుండు పట్టుకోవడానికి ఆమె భయపడుతోంది.

కబురు రాలేదు. దాని బదులు, విదేశంలో జరిగే పోటీలకు ఆమెను ఎంపిక చేసినట్టు సమాచారం వచ్చింది. తల్లి ఇంటి దగ్గర గంగమ్మకు కోడిని కోసింది, గండం గడిచిందని. మాస్టారు అంత తేలిగ్గా నమ్మలేదు. పరీక్ష ఫలితాలు ఆలస్యమవుతాయని, జట్టును ముందే ప్రకటిస్తారని ఆయనకు తెలుసు. బయల్దేరే ముందు అమ్మాయి నా ఎదుటే ఆయన్ని అడిగింది.

“అక్కడ కూడా తీసుకుంటారా సార్?”

“మొదటి ముగ్గురి దగ్గరా తీసుకుంటారు. మిగతావాళ్లలో చీటీ వేసి ఎవర్నో ఒకర్ని పిలుస్తారు.”

“ముగ్గురిలో లేకపోతే?”

మాస్టారు కోప్పడ్డారు. విమానం ఎక్కకముందే ఓడిపోయే మాటలేమిటని.

ఆ పోటీల ఫలితాలు టెలిప్రింటర్ మీద వచ్చాయి. ఆమె పేరు ఎదుట దూరం లేదు. మూడు విసుర్లూ ఫౌల్. మా పత్రికలో కింద మూల నాలుగు లైన్లు వేశారు. తెలుగమ్మాయికి నిరాశ అని శీర్షిక.

తిరిగి వచ్చాక ఆమె మైదానం గట్టు మీద కూర్చుని నాకు చెప్పింది. నేను అడగలేదు. “మొదటిది కావాలనే కాలు బయట పెట్టా సార్. ఇంకా రెండున్నాయిగా, ఈలోగా ఆలోచించుకుందామనుకున్నా. రెండోది నిజంగానే ఏద్దామని తిరిగా, అయినా ఫౌల్ అయింది. మూడోది నేను పెట్టానో, కాలే పోయిందో నాకే తెలవట్లా.” చెబుతున్నంతసేపూ గడ్డి పీకుతూనే ఉంది. అక్కడ చీటీలో కూడా ఆమె పేరు రాలేదు. ఎవరూ పిలవలేదు.

తర్వాత ఆమె ఇంకొన్నేళ్లు ఆడింది. దేశం తరఫున మరి రెండుసార్లు బయటికి వెళ్లింది, రెండుసార్లూ దూరం నమోదైంది, పతకం దగ్గరకు మాత్రం రాలేదు. ఆ ఏళ్లలో మందుల కేసులు పత్రికల్లో తరచూ వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ తల్లి ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి మా ఆఫీసుకు ఫోన్ చేసి, అది ఎవరి గురించని అడిగేది. ఇప్పుడు అమ్మాయి ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. విజయవాడలో ఆ రోజు విసిరినంత దూరం ఆమె మళ్లీ ఎప్పుడూ విసరలేదు. అది తన బలమో, మందు బలమో చెప్పమని మాస్టారిని ఒకసారి అడిగిందట.

పరీక్షలో ఏదో దొరికిందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఏమీ దొరకలేదని కూడా చెప్పలేదు. ఆర్‌ఎంపీ డాక్టరు మేం వెళ్లొచ్చిన తర్వాతి ఏడాది ఊరు వదిలి వెళ్లిపోయాడు. హనుమాన్ జంక్షన్‌లో మందుల షాపు పెట్టాడని ఎవరో అంటే తల్లి పనిగట్టుకుని వెళ్లి వెతికింది. ఆ పేరుగల మనిషిని అక్కడ ఎవరూ ఎరగరు.