మెగ్గర్ ముందు ముత్తైదువ

మెగ్గర్ పెట్టె భుజానికి తగిలించుకుని బస్సు దిగితే నన్ను హార్మోనియం వాయించేవాడనుకునే వాళ్లు రాయచూరు జిల్లాలో సగం మంది ఉంటారు. ఒకసారి కవితాళ బస్టాండులో ఒక పెద్దాయన "ఏ ఊరి భజనకు సార్?" అని అడిగితే ఊరుకోబుద్ధి కాక "ట్రాన్స్‌ఫార్మర్ భజనకు" అన్నాను. అలాంటి దేవుడు ఎక్కడో వెలిశాడనుకుని ఆయన భక్తిగా చేతులు జోడించాడు.

నా పని చెప్పడానికి సులువే. కరెంటు పరమ తుంటరి జీవి. తీగలో బుద్ధిగా పొమ్మంటే పోతూనే, పక్కకు దూకడానికి సందు వెతుకుతుంది. అది దూకకుండా చుట్టూ కాగితంతో, నూనెతో, పింగాణీతో కోట కడతారు. దాని పేరే ఇన్సులేషన్. ఆ కోటలో బీటలున్నాయా, తేమ దిగిందా అని అసలు కరెంటు ఇవ్వకముందే మెగ్గర్‌తో కొన్ని వేల వోల్టులు పెట్టి చూస్తాను. అంకె పెద్దదొస్తే కోట గట్టిది. చిన్నదొస్తే నేను చెడ్డవాణ్ణి.

ఆ శుక్రవారం తుంగభద్ర కాలువ కింద ఒక క్యాంపులోని వడ్ల మిల్లుకు వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుని స్థిరపడిన వాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులనే అంటాం, మూడు తరాలైనా రేపో మాపో డేరాలు పీకేసి వెళ్లిపోతారన్నట్టు. మిల్లు ముందు పచ్చి వడ్ల ట్రాక్టర్లు బారు తీరి ఉన్నాయి. పెంచి చెబుతానని నాకో చెడ్డపేరుంది కనక తగ్గించే చెబుతాను: ఆ బారు తల మిల్లు గేటులో ఉంటే తోక సింధనూరులో ఉంది. మబ్బు ఈనబోయే గేదె కడుపులా కిందికి వేలాడుతోంది. వాన పడేలోగా ఆ వడ్లు డ్రయ్యర్‌లోకి వెళ్లకపోతే ట్రాలీలోనే మొలకలెత్తుతాయి. డ్రయ్యర్ తిరగాలంటే కరెంటు కావాలి. కరెంటు ఇవ్వాలంటే ట్రాన్స్‌ఫార్మర్ బాగుందని నేను సంతకం చేయాలి. నన్ను అంతమంది ఒకేసారి ప్రేమగా చూడటం నా పెళ్లిలో కూడా జరగలేదు.

"రండి రండి, మీకోసమే చూస్తన్నామండీ," అంటూ మిల్లు యజమాని ఎదురొచ్చాడు. మనిషి వంద బస్తాల గోడౌనంత ఉంటాడు, గొంతు మాత్రం చీమది. "కిందటి సీజన్లో పాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి సగం ఊరు మమ్మల్ని తిట్టుకుందండీ. ఈసారి కూడా అడ్డం తిరిగితే రైతులు ఇంక మా గడప తొక్కరు."

తీగలు తగిలించి మీట నొక్కాను. వందల్లో ఉండాల్సిన అంకె పది దగ్గర కూర్చుని ఆవులిస్తోంది. విప్పి మళ్లీ తగిలించాను. మళ్లీ పదే.

"తక్కువాండీ?"

"తక్కువ గాదు సార్. నానవెట్టిన అప్పడం గూడ దీనికన్న గట్టిగుంటది."

ఆయన అక్కడే ఉన్న బస్తా మీద కూలబడ్డాడు. బస్తా కుట్లు పటపటమన్నాయి. "రిపేరుకి పంపితే సీజన్ అయిపోద్దండీ. మీరో సంతకం పడేద్దురూ. ఏమీ కాదు, దేవుడున్నాడు."

"దేవుడున్నడు, లోపట నూనె గూడ ఉన్నది సార్. అంటుకుంటే ఫస్టు పనిజేసేది నూనెనే."

అయినా ఆ మొహం చూస్తే నా గుండె ఇన్సులేషన్ కూడా పడిపోయింది. మెగ్గర్‌కు మూడో తీగ ఒకటుంటుంది. పింగాణీ పైపైన పాకే కరెంటును పక్కకు తప్పించి, లోపలి ఆరోగ్యం మాత్రం చెబుతుంది. ఆ తీగను పింగాణీకి చుట్టి మళ్లీ మీట నొక్కాను. అంకె పది నుంచి లేచి, వందలు దాటి, వేలల్లో వెళ్లి నిలబడింది. అంటే లోపల పిల్ల నిక్షేపంగా ఉంది. రోగమంతా చర్మం మీదే.

అప్పటిదాకా నేను పని చేసింది పడమటి వైపు నుంచి. స్టూలు మోసుకుని తూర్పు వైపుకు వెళ్లి చూద్దును కదా, ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిమీద ఉండే మూడు పింగాణీ బుషింగులూ మంగళస్నానానికి కూర్చున్నట్టున్నాయి! ఇటువైపు నిలువెల్లా తడి పసుపు. మడత మడతకూ కుంకుమ బొట్టు. నడిమి దాని మడత సందులో పసుపు కొమ్ము కట్టిన తాడు, మూడు ముళ్లతో సహా. మూడో తరగతి పిల్లాడైనా పలక మీది గీత పట్టుకుని వెళ్లినంత సులువుగా కరెంటు ఆ తడి పసుపు పట్టుకుని దిగిపోగలదు.

"ఇదేంది సార్?"

యజమాని మబ్బుకేసి చూశాడు. "మా అమ్మగారండీ. పాతది కాలిపోయిన కాణ్ణుంచీ ఆవిడకి భయం. దసరా ఆయుధపూజకి మొదలెట్టి ప్రతి శుక్రవారం చేస్తందండీ. కరెంటు లేదు కదా అని మేమూ ఊరుకున్నాం."

"తుడవాలె."

ఆ ఒక్క మాటకు అందరికీ వేరే పనులు గుర్తొచ్చాయి. యజమాని చొక్కా గుండీలు లెక్కపెట్టుకోసాగాడు. కన్నడం తప్ప వేరే భాషలో భయపడటం రాని మిల్లు ఆపరేటరు "నన్ కైలె ఆగంగిల్ల రీ" అని, తనవల్ల కాదన్నట్టు రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. కరెంటివ్వడానికి వచ్చిన లైన్‌మన్‌కు హఠాత్తుగా ఫోన్ వచ్చింది, అది మోగకుండానే. బొట్టు చెరపడం, తాడు తెంచడం, అదీ శుక్రవారం! ఇక మిగిలింది నేను. ఓమ్స్ లా చదివినవాణ్ణి, శాస్త్రజ్ఞానం గలవాణ్ణి. నా బ్యాగులో కత్తెర ఉంది. ఉందని ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో అమ్మగారే వచ్చారు. నిండు ముత్తైదువ, నుదుట రూపాయంత బొట్టు. ఆ గాజుల చప్పుడుకు బారులోని ట్రాక్టర్లు వాటంతటవే ఇంజన్లు ఆపుకున్నాయని నా అనుమానం.

"ఏం నాయనా, పెళ్లయిన పిల్ల మెళ్లో తాడు తియ్యమన్నావంట?"

"పెండ్లా? దీనికి మొగుడెవడమ్మా?"

"అదుగో." ఆవిడ డ్రయ్యర్ మోటారును చూపించింది. "కిందటేడు పాతది పోయిన పూటే పాత మోటారూ పోయింది. దంపతులు కాకపోతే అట్టా పోతారా?"

విద్యుచ్ఛాస్త్రంలో దంపతుల పాఠం లేదు. అయినా తేమ, మెగోమ్‌లు, పదకొండు వేల వోల్టులు అంటూ ఉన్న చదువంతా ఒలకబోశాను. ఆవిడ ఓపికగా విని, "నీకు పెళ్లయిందా?" అని అడిగింది.

తూర్పున ఉరిమింది. ట్రాలీ మీద కూర్చున్న ఒక రైతు టార్పాలిన్ లాగుతూ అరిచాడు: "అమ్మా, మీ పిల్ల సంసారం సరే, మా వడ్ల సంగతేందీ!"

ఆవిడ మొహం మారింది. అటు చూసింది, కొడుకు వైపు చూసింది. కానీ కదలలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. "నా చేత్తో కట్టింది నాయనా. తీశాక ఏవన్నా అయితే?"

అప్పుడు నాకు సిగ్గేసింది. నేను అంకెల భయంతో మాట్లాడుతున్నాను, ఆవిడ కొడుకు మిల్లు భయంతో మాట్లాడుతోంది. ఇద్దరికీ కావలసింది అది కాలిపోకుండా ఉండటమే. చదువు పక్కన పెట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆవిడ కళ్లతో చూశాను.

"అమ్మా, ఒక్క మాట. తాడు దేనికి గట్టినవు?"

"మెడకి."

"అది మెడ గాదమ్మా, కొమ్ము. మూడూ కొమ్ములే. కొమ్ముకు తాళి ఎవరన్న కడతరా?"

ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్లింది. "అయ్యో రాత! మరి మెడ ఏదీ?"

ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిమీది నూనె డబ్బా నుంచి ట్యాంకులోకి దిగే లావుపాటి గొట్టాన్ని చూపించాను. ఎర్తుకు కట్టిన ఇనుము అది. కావాలంటే దాని మీద పసుపు కొట్టు మొత్తం మెత్తుకోవచ్చు. "మీ తాడు మాసిపోతే మీరేం జేస్తరు?"

"కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తాం. మెడ బోసిగా ఉండకూడదు."

"గంతే గదా!"

ఇంట్లోంచి కొత్త తాడు వచ్చింది. మెగ్గర్ నింపిన చార్జి నేలకు దించి, ఎర్తు తీగ తగిలించే ఉంచాను. ఆవిడ గొట్టానికి మూడు ముళ్లూ వేసి, పక్కన నిండుగా బొట్టు పెట్టి, అప్పుడు స్టూలెక్కి పాత తాడు తన చేత్తోనే విప్పింది. పసుపు తుడవడానికి పాతగుడ్డ పనికిరాదంది. యజమాని పండక్కి దాచుకున్న కొత్త పంచె తెచ్చాడు. దాన్ని స్పిరిట్‌లో ముంచుతుంటే పంచె కన్నా ఎక్కువగా ఆయనే తడిసిపోయాడు. ముగ్గురం వంతులేసుకుని పింగాణీ మెరిసేదాకా రుద్దాం. బొట్టు ఆల్రెడీ మారిపోయింది కనక ఇప్పుడిది చెరపడం కాదు, ఇంటిపని. ఆపరేటరు చేతులు కూడా వీపు వెనకనుంచి బయటికొచ్చాయి.

మూడో తీగ లేకుండానే మళ్లీ మీట నొక్కాను. అంకె గబగబా ఎక్కి వేలల్లో నిలిచింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగింది. "ఎంతొచ్చింది నాయనా, పాసేనా?"

"ఫస్టు క్లాసమ్మా."

సంతకం చేయబోయి కలం ఆపాను. వచ్చే శుక్రవారం గుర్తొచ్చింది. అప్పటికి ఆ కొమ్ముల్లో పదకొండు వేల వోల్టులుంటాయి. ఈ ఒక్క సంగతిలో మాత్రం నేను పెంచి చెప్పలేదు, నవ్వనూ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న కంచె గేటు తాళంచెవి ఆవిడ బొడ్డున వేలాడుతోంది.

"అమ్మా, వచ్చే శుక్రవారం ఎట్ల?"

"కరెంటొచ్చాక నేనెందుకు ముట్టుకుంటానూ? అంత వెర్రిదాన్నా?" అంటూ ఆవిడ తాళంచెవి తీసి ఆపరేటరు చేతిలో పెట్టింది. "పసుపు గేటుకి పెడతాలే. గేటుకి కొమ్ముల్లేవు కదా?"

నేను వెళ్లి ఆ ఇనుప గేటుకున్న ఎర్తు తీగ బోల్టు బిగించి, పట్టుకుని లాగి చూశాకే సంతకం పెట్టాను. లైన్‌మన్ స్విచ్ ఎగదోశాడు. ట్రాన్స్‌ఫార్మర్ లోగొంతుకతో హమ్మని రాగమందుకుంది. డ్రయ్యర్ మోటారు కాసేపు బెట్టు చేసి తిరగడం మొదలెట్టింది. వాన మొదటి చినుకులు పడుతుండగా ముందున్న ట్రాలీ తొట్టి పైకి లేచి, వడ్లు జరజరా డ్రయ్యర్ గుంటలోకి జారాయి.