కాన్పు బండి ఉస్తాద్

కాన్పు బండిని బాగుచేసిన ఉస్తాద్ మొన్న శుక్రవారం పొద్దున కన్నుమూశారు. నేను వార్డులో ఇంజెక్షన్లు ఇస్తుంటే మా డ్రైవరన్న గుమ్మం దగ్గర నిలబడి, "సిస్టర్, ఉస్తాద్ పోయిండు" అన్నాడు. చేతిలో ఉన్న సూది పని ముగించి, ట్రే కింద పెట్టి, అప్పుడు ఏడ్చాను. పని సగంలో వదిలేస్తే ఆయనకు నచ్చేది కాదు.

ఆయన దుకాణం బహదూర్‌పురాలో, జూ పార్కుకు వెళ్లే రోడ్డు మీద. ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకు రంగురంగుల వైర్ల చుట్టలు. కార్లకు కరెంటు పని తప్ప ఇంకోటి ముట్టుకునేవారు కాదు. "ఇంజన్ పనికి పక్క దుకాణమున్నది. నాకొచ్చింది ఇదొక్కటే" అనేవారు. జూలోంచి సింహం గర్జిస్తే కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు. ఆయన మాత్రం "దానికి తిండి టైమైంది" అని తల కూడా ఎత్తకుండా పని చేసుకునేవారు.

నేను ఆ దగ్గర్లోనే ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సుని. డెబ్భైలలో మా డాక్టరమ్మ తన పాత కారును ఆసుపత్రికి ఇచ్చేశారు, చాంద్రాయణగుట్ట అవతలి బస్తీల నుంచి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను తీసుకురావడానికి. దాన్నే జనం కాన్పు బండి అనేవారు. తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరితే ఆ ఇంటివాళ్లు వచ్చి బండి తాళంచెవికి ఏదో ఒకటి కట్టేవారు. ఈ ఆనవాయితీ ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. ఒకరు తావీజు, ఒకరు ఆంజనేయుడి ఇత్తడి బిళ్ల, ఒకరు నల్లదారంలో గవ్వ, ఒకరు బుల్లి గంట. నేనూ ఒక చిన్న శిలువ కట్టాను. రెండేళ్లు తిరిగేసరికి ఆ గుత్తి నా పిడికిలి కన్నా పెద్దదైంది.

అప్పుడే బండికి ఒక రోగం పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయేది. పది నిమిషాలు తిట్టి, తోసి, దండం పెడితే మళ్లీ స్టార్టయ్యేది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం మహా బుద్ధిగా ఉండేది. ఒకాయన ప్లగ్గులు మార్చాడు, ఒకాయన కార్బొరేటర్ కడిగాడు, ఇంకొకాయన బ్యాటరీయే మార్చేశాడు. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగా నడిచి, ఐదో రోజు మొండికేసేది.

ఒక మిట్టమధ్యాహ్నం, చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర, వెనక సీట్లో తొలిచూలు పిల్ల కేకలు పెడుతుండగా ఆగింది. ఎంతకీ కదల్లేదు. చుట్టూ చీరలు అడ్డం పట్టించి అక్కడే కాన్పు చేశాను. బిడ్డ వెంటనే ఏడవలేదు. నోరు తుడిచి, వీపు రుద్దుతూనే ఉన్నాను, రెండు నిమిషాలకు ఏడ్చింది. దేవుడి దయ, ఇద్దరూ బతికారు. సాయంత్రం డాక్టరమ్మ నన్నూ డ్రైవరన్ననూ పిలిచి, "ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే బండిని పంపేదే లేదు. నడిరోడ్డు మీద ప్రాణం పోతే ఎవరు జవాబు చెప్తారు?" అన్నారు. ఆమె మాటలో తప్పులేదు. కానీ బండి మానేస్తే ఆ బస్తీల ఆడవాళ్లకు మిగిలేది రిక్షా, కాదంటే ఎప్పుడొస్తుందో తెలియని బస్సు.

మర్నాడే ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. ఆయన బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుని మా ముందు స్టూలు మీద కూర్చున్నారు.

"దగ్గుకుంట ఆగుతున్నదా, టక్కున ఆగుతున్నదా?"

"టక్కున" అన్నాను.

"గట్లయితె పెట్రోల్ కాదు. పెట్రోల్ అందకుంటె బండి కొట్టుకుంటది. కరెంట్ పోతెనే గిట్ల ఒక్కసారి సల్లవడ్తది."

"కాయిల్ పోయినట్టున్నది ఉస్తాద్" అన్నాడు డ్రైవరన్న.

"నీకేం అనిపిస్తున్నదో నాకొద్దు భాయ్. ఏం జూసినవో చెప్పు."

బండిని మూడు రోజులు ఉంచుకున్నారు. మేం వెళ్లే దారిలోనే పొద్దునా సాయంత్రం తిప్పారు. ఒక్కసారి కూడా ఆగలేదు. మూడో రోజు వెళ్లి అడిగితే, ఏ మొహమాటమూ లేకుండా "దొరకలే" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "మూడు రోజులు పెట్టుకుని దొరకలేదంటారా? అక్కడ నెలలు నిండినవాళ్లు నలుగురున్నారు. ఏదో ఒకటి మార్చి ఇవ్వండి!" అని నలుగురిలో అరిచాను.

ఆయన నా అరుపు అయిపోయేదాకా ఆగారు. "మారుస్త సిస్టరమ్మా, ఐదు నిమిషాల పని. కానీ రోగం కండ్ల వడకముందే చెయ్యి వెడితె రోగం పోదు, దాని జాడ పోతది. బండి అదే, తొవ్వ అదే. మీ తాన ఆగుతున్నది, నా తాన ఆగుతలేదు. అంటె ఏందో ఫరక్ ఉన్నది. కాన్పుకు ఎట్ల పోతరో రేపు గట్లనే రాండ్రి. ఒక్కటి గూడ తక్కువ గావద్దు."

మర్నాడు తెల్లచీర కట్టుకుని, కాన్పు సంచీ పట్టుకుని వెళ్లాను. డ్రైవరన్న తన సీట్లో కూర్చున్నాడు. నేను సంచీలోంచి మొక్కుల గుత్తి తీసి తాళంచెవికి తగిలించాను. బండిని ఏ షెడ్డుకు పంపినా ముందు ఆ గుత్తి విప్పి బీరువాలో దాచడం నా అలవాటు, గ్రీజు చేతులు తావీజుకూ దేవుడి బిళ్లకూ తగలకూడదని. ఉస్తాద్ గుత్తిని చూశారు. రెండు వైర్లున్న చిన్న బల్బును ఇంజన్ దగ్గర కలిపి, కిటికీలోంచి లోపలికి తెచ్చి నా చేతికిచ్చి, తను డ్రైవరన్న పక్కన కూర్చున్నారు.

"ఇది వెలుగుతున్నంత సేపు ఇంజన్‌కు కరెంట్ అందుతున్నట్టు. బండి ఆగితె రోడ్డు జూడకుండ్రి, దీన్ని జూడుండ్రి."

చౌరస్తా దాటాక గుంతల్లో బండి ఎగిరిపడింది. బల్బు ఆరింది. ఆ వెంటనే ఇంజన్ ఆగింది. నేను అయ్యో అన్నాను, ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. ముందుకు వంగి, ఊగుతున్న గుత్తిని రెండు వేళ్లతో పైకెత్తారు. బల్బు వెలిగింది. వదిలి చిన్నగా తట్టారు. ఆరింది. తర్వాత ఆ గుత్తిని అరచేతిలో మోస్తూ కూర్చుని, అవే గుంతల్లో మూడుసార్లు నడపమన్నారు. బండి ఆగలేదు.

రెండేళ్లు ఆ బరువు వేలాడి తాళంచెవి స్విచ్చి లోపల అరిగిపోయింది. గుంతలో గుత్తి ఎగిరినప్పుడల్లా కరెంటు తెగుతోంది. షెడ్డుకు పంపే ముందు నేను బరువు తీసేసేదాన్ని కాబట్టి మెకానిక్కులందరూ ఆరోగ్యంగా ఉన్న బండినే చూశారు. వాళ్లను నేను ఎన్ని మాటలన్నానో! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా మొండితనం నాది.

"అవి మాత్రం తీయను ఉస్తాద్. తీశాక ఏమన్నా అయితే?"

ఆయన నవ్వలేదు. "తియ్యమంటలేను, జాగ మార్చమంటున్న. వాళ్లు మొక్కింది మీ చెయ్యికి సిస్టరమ్మా, తాళంచెవికి గాదు."

స్విచ్చి కొత్తది వేశారు. ముందు సీటు వెనకాల ఒక రాగితీగ లాగి, గంటా, గవ్వా, శిలువా ఒక్కొక్కటే వరసగా కట్టారు. "ఎన్క పండుకున్న తల్లికి కనవడాలె. గింతమంది సల్లగున్నరని ధైర్నమొస్తది" అన్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కరెంటు పని కాదు. ఇప్పుడు కొత్తగా చేరిన నర్సులు "నీరసం అనుకుంటా సిస్టర్" అంటూ వస్తే, "అనుకున్నది తర్వాత, చూసింది చెప్పు" అంటాను. తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు పోయింది. ఈ రెండూ ఎంతమంది తల్లులను కాపాడాయో ఆయనకు చెప్పనేలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆయన్ను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది స్విచ్చి మార్చిన మూడో రోజు. "ఇంక ఆగదని మాటిస్తావా?" అని డాక్టరమ్మ అడిగితే, "మాట కాదమ్మా, నేనే ముందల కూసుంట" అన్నారు. అన్నట్టే వచ్చి కూర్చున్నారు. వెనక సీట్లో ఉన్నావిడకు అంతకుముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. నా చెయ్యి పట్టుకుని, తీగ మీద ఊగుతున్నవాటిని చూస్తూ, "ఇవన్ని ఎవరియి అక్కా?" అని అడిగింది. ఒక్కో ఇంటి సంగతీ చెప్పుకుంటూ వచ్చాను. గుంతలు ఎప్పుడు దాటామో నేను గమనించనే లేదు.

ఆసుపత్రి చేరాక డ్రైవరన్న ఇంజన్ ఆపబోతే ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండనీ."

ముప్పావుగంట. కాన్పు గది కిటికీ కింద ఆ ఇంజన్ చప్పుడు ఒకే తీరుగా వినిపిస్తూనే ఉంది. ఆమె అరుపుల మధ్య, నా "ఇంకొంచెం తల్లీ"ల మధ్య, ఎక్కడా తడబడలేదు. చివరికి ఆడపిల్ల పుట్టి గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డను గుడ్డలో చుట్టి కిటికీ దగ్గరికి తెచ్చాను. కింద ఉస్తాద్ ఎండలో నిలబడి ఉన్నారు, ఒక చెయ్యి బానెట్ మీద పెట్టి. ఏడుపు విని తల పైకెత్తారు. పసిదాన్ని చూశారు. డ్రైవరన్న వైపు తిరిగి మెల్లగా అన్నారు:

"ఇగ బంద్ చెయ్ భాయ్. మనం ఆపితెనే ఆగాలె."