దుప్పట్ల గదిలో కాలేజీ

మా నర్సింగ్ సూపర్‌వైజర్ మేడమ్ పోయారు. శుక్రవారం ఆమెకు సెలవు. శనివారం ఉదయం రౌండ్స్‌కు రాలేదు. ఒక్కరోజైనా ఆలస్యంగా వచ్చే మనిషి కాదు కాబట్టి ఏడున్నరకే క్వార్టర్స్ తలుపు తీయించారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ముందు కోపమొచ్చింది, ఒక్క మాటైనా చెప్పకుండా పోయారని.

ఆమె అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. నేను నరసాపురం దాన్ని. బీఎస్సీ నర్సింగ్ చదివి, మిషన్ ఆసుపత్రిలో నాలుగేళ్లు చేసి, సౌదీలో కొండల మీదున్న ఖమీస్ ముషైత్‌లోని ఈ చిన్న ప్రైవేటు ఆసుపత్రికి వచ్చాను. ఏజెంటు నా వీసా మీద హెల్పర్ అని రాయించాడని దిగాక గాని తెలియలేదు. ఈ దేశంలో ఉండటానికిచ్చే ఇకామా కార్డు మీదా అదే మాట పడింది. అది మారాలంటే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి, ఆ పైన కఫీల్, అంటే మమ్మల్ని రప్పించిన యజమాని, ఒప్పుకోవాలి. పోనీ ఇంటికి పోదామంటే దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం కూడా ఆయన చేతిలోదే. బెడ్‌పాన్లు కడగడం, దుప్పట్లు మార్చడం నా పని. హాస్టల్ గేటు వారానికోసారి బజారు బస్సు కోసం తెరిచేవారు. మిగతా రోజులన్నీ ఆసుపత్రి నుంచి హాస్టల్, హాస్టల్ నుంచి ఆసుపత్రి. గానుగెద్దుకైనా కాస్త గాలి తగులుతుందనిపించేది.

ఒకసారి సెలైన్ మరీ వేగంగా పోతుంటే ఉండబట్టలేక చెయ్యి పెట్టి తగ్గించాను. మేడమ్ చూశారు. తిడతారనుకున్నాను. "ఎక్కడ చదివావు?" అని మాత్రం అడిగారు. మర్నాడు మూడింటికి, డ్యూటీ అయ్యాక, దుప్పట్లు పెట్టే గదికి పుస్తకం తీసుకుని రమ్మన్నారు.

హెల్పర్లకు పాఠాలు చెప్పకూడదని మేనేజ్‌మెంటు ఆర్డరు. రెండో వారంలోనే మేనేజరు తలుపు తోశాడు. నేను బిక్కచచ్చిపోయి పుస్తకం మీద కూర్చున్నాను. మేడమ్ తాపీగా ఒక దుప్పటి కొస నా చేతికిచ్చి, "సరిగ్గా మడత పెట్టడం నేర్చుకో" అని కసిరారు. అతను వెళ్లాక నవ్వి, తన కాలేజీ కథ చెప్పారు.

బానిసత్వం పోయిన కొత్తలో నల్లవాళ్లు ఒక చర్చి నేలమాళిగలో మొదలుపెట్టిన బడి అది. తర్వాత ప్రభుత్వం భూమి ఇచ్చింది, షరతు పెట్టి: వ్యవసాయం, వడ్రంగం, వంట తప్ప ఇంకేమీ చెప్పకూడదని. బోర్డు మీద అలాగే రాశారు. లోపల మాత్రం లాటిన్, రేఖాగణితం, రసాయనశాస్త్రం చెప్పేవారు. తెల్లవాళ్ల యూనివర్సిటీ పారేసిన పుస్తకాలే వీళ్లకు గతి. మొదటి పేజీలో ఎవరెవరివో పేర్లు ఉండేవట. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున అందరూ పారలు పట్టుకుని పొలంలో నిలబడేవారు. అక్కడ చదివిన తన ముత్తాత ఫోటో మేడమ్ నాకు ఫోన్‌లో చూపించారు. అందులోనూ చేతిలో పారే. "ఈయనకు గ్రహణాలు లెక్కకట్టడం వచ్చు. ఫోటోలో ఆ సంగతి తెలియదు" అన్నారు.

చాలాకాలానికి అది యూనివర్సిటీ అయింది. తెల్లవాళ్ల కాలేజీల తలుపులు కూడా నల్లవాళ్లకు తెరుచుకున్నాక, ఇక మీకు వేరే ఎందుకు, వాటిలో కలిసిపోండి అన్నారట ప్రభుత్వ పెద్దలు. పాత విద్యార్థులంతా వెళ్లి అడ్డం కూర్చుంటే ఆగింది. మేడమ్ నర్సింగ్ చదివిందీ అక్కడే. రోజూ ఒక పాఠం, చివర్లో కాలేజీ గురించి ఒక ముక్క. ఏ జవాబైనా తప్పు చెబితే, "మళ్లీ చదువు. నీ బోర్డు చూసి నువ్వే మోసపోకు" అనేవారు.

పరీక్ష పాసయ్యాను. కఫీల్ సంతకం పెట్టలేదు. హెల్పర్లు దొరకడం లేదట. ఆ రోజు దుప్పట్ల మీద పడి ఏడ్చాను. మేడమ్ వీపు నిమిరారు. "మా బోర్డు మారడానికి రెండు తరాలు పట్టింది, అమ్మాయ్."

"నాకు రెండు తరాలు లేవు మేడమ్" అన్నాను.

ఆమె కాంట్రాక్టు రంజాన్‌కు అయిపోతుందని, వెళ్లి కాలేజీ పక్కనే ఇల్లు తీసుకుంటారని అందరికీ తెలుసు. రంజాన్ వెళ్లింది, ఆమె వెళ్లలేదు. ఎందుకని అడిగితే, "నాకు ఇక్కడి చలి బాగుంది" అన్నారు. నమ్మేశాను, మూర్ఖురాలిని.

ఆమె పోయిన ఆరో రోజు ఆఫీసులో గుమాస్తా పిలిచాడు. కరీంనగర్ ఆయన. కొత్త ఇకామా నా చేతిలో పెట్టాడు. అరబ్బీలో ముమర్రిదా, నర్సు అని ఉంది.

"కఫీల్ ఎట్ల ఒప్పుకున్నాడన్నా?" అన్నాను. ఆయనతో మాట్లాడితే నాకూ ఆయన యాసే వచ్చేస్తుంది.

"మేడమ్ ఇంకో రెండేండ్లు ఉంటనని సంతకం పెట్టింది అక్కా. నీది మారుస్తనంటెనే ఉంటనన్నది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. ఆయన మంచినీళ్లు ఇచ్చి, మార్చురీ నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాడు. మేడమ్‌ను అమెరికాకు పంపే కాగితాలు పూర్తయ్యాయట. అప్పగించేటప్పుడు ఒక నర్సు సంతకం కావాలి.

నేనే వెళ్లాను. రిజిస్టరులో ఆమె పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూశాను. ఈ దేశంలో నర్సుగా నేను పెట్టిన మొదటి సంతకం, ఆమెను బయటికి పంపడానికి. అప్పగింత కాగితం వ్యాను డ్రైవరుకిచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ కాగితం చూసి బార్ ఎత్తాడు. వ్యాను పొగమంచులోకి వెళ్లింది. నేను లోపలివైపున నిలబడి, వెనక లైట్లు కనిపించినంతసేపు చూశాను.