ఆఖరి అధ్యాయం అమ్మ వంతు

శ్రీకాకుళంలో మా పుస్తకాల జట్టు ఏడాదికొకసారి ఒక పాత నవలకి పండగ చేస్తుంది. ఆ సాయంత్రం చేతిలో పుస్తకం ఉండకూడదు. ఒక్కొక్కరూ ఒక్కో అధ్యాయం నోటితో చెప్పాలి, ఆఖరిది సభలో అందరికన్నా పెద్దవారికి వదిలెయ్యాలి. కిందటేడు ఆ పెద్దావిడ మా అమ్మ. ఆవిడకి ఆ ఏడు ఎంచుకున్న నవలంతా కంఠతా వచ్చని ఊరంతా చాటింది నేనే.

అమ్మ పుట్టింటివాళ్ళకి బొబ్బిలిలో కిరాణా కొట్టు. పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత వారపత్రికల్లోంచి ఆ నవల సీరియల్‌గా వచ్చిన పేజీలు ఏరుకుని, పురికొసతో కుట్టుకుంది. చిన్నప్పుడు నాకు అన్నం పెడుతూ ఆ కథే చెప్పేది. చివర్లో అందులోని అమ్మాయి అత్తిల్లు వదిలేసి, రైలెక్కి వెళ్ళి, టీచరుద్యోగంలో చేరుతుంది. నేను నవల తెరిచిన పాపాన పోలేదు. అమ్మ చెప్పాక మళ్ళీ చదవడమెందుకని నా పొగరు.

సభ రోజు మధ్యాహ్నం, ఎందుకైనా మంచిదని, జట్టు కొన్న కొత్త పుస్తకంలో ఆఖరి పేజీలు తిరగేశాను. ఆ అమ్మాయి రైలెక్కనే ఎక్కదు. అత్తింట్లోనే, పురిట్లో చచ్చిపోతుంది.

ఆటోలో చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. చివరికి, "నీకు ఆయాసం కదమ్మా, ఆఖరిది ఇంకెవరికైనా ఇచ్చేద్దామా?" అన్నాను.

"నోరు ముయ్యే. సీర కట్టుకొని బయల్దేరాక ఇప్పుడేటి ఆయాసం?" అంది.

పదిమందిలో ఆవిడ నవ్వులపాలవుతుందని నా భయం. నిజం చెప్పొద్దూ, అందులో సగం నా పరువు గురించే.

హాల్లో ఒక్కో అధ్యాయం అవుతున్నకొద్దీ ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరో పెట్టిన పుణుగులు అలాగే పక్కన పెట్టేశాను. ముందు వరసలో రిటైరైన తెలుగు మాస్టారు కూర్చున్నారు. తప్పు దొరికితే పెళ్ళిపందిట్లోనైనా వదలని మనిషి. అమ్మ వంతు వచ్చింది. మైకు వద్దంది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ రైలు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు కదిలాయి, గుసగుసలు మొదలయ్యాయి. నేను తల దించుకున్నాను.

మాస్టారు లేచారు. "అమ్మా, ఆ పిల్ల పురిట్లోనే పోతాది కదా. ఈ రైలెక్కడిది?"

"తెలుసు మాస్టారూ," అంది అమ్మ. "ఆకరి వారం కాయితాలు ఎవరింటికో పంచదార పొట్లం కింద ఎల్లిపోనాయి. మనసాగక నేనే రైలెక్కించీసాను. అసలుది సానాళ్ళకి లైబ్రరీలో సదివాను."

"చదివాక దిద్దుకోవాలి కదమ్మా?"

హాలంతా ఆవిడనే చూస్తోంది.

"రాసినాయన సంపీసాడు, నిజవే. గానీ నేను సెప్పింది నమ్మి రైలెక్కీసిన మనిషి ఈ గదిలోనే ఉన్నాది. దాని ఎదరే ఆ పిల్లని సంపమంటారేటి?"

మాస్టారు కూర్చున్నారు. అమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు.

ఆ మనిషిని నేనే. ఇరవై ఆరో ఏట, అత్తిల్లు వదిలి, కమిలిన చేత్తో బ్యాగు పట్టుకుని, కొత్తవలస స్టేషన్లో టికెట్టు తీసుకుంటుంటే నాకు తోడున్నది ఆ కథలో పిల్ల ఒక్కతే. అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను. ఆ పిల్ల తోడుతోనే రైలెక్కానని నేను అమ్మకి ఏనాడూ చెప్పలేదు.